నలభై కోట్ల ఒంగోలు ఆవు: అది మాంసం ధర కాదు

నమస్తే. బ్రెజిల్‌లో మన ఒంగోలు ఆవు నలభై కోట్లు పలికిందన్న ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. మా బాబాయి ఒక్కడే మూడుసార్లు పంపాడు. దాని కింద ఎవరో ఒకరు అడుగుతారు, "అంత మాంసం ఏముంటుందండీ దాంట్లో?" అని. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ముందు ఆ లెక్క చూద్దాం. 2023లో వేలం వేసింది వియాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటా. అది దాదాపు 14 లక్షల డాలర్లు పలికింది. మూడుతో గుణించి మొత్తం విలువ కట్టారు, అంతే. నలభై కోట్లు ఎవరూ మూటగట్టి ఇవ్వలేదు.

మరి కొన్నవాళ్లకు ఏం మిగులుతుంది? వడ్ల సంగతే తీసుకోండి. తినే వడ్లది ఒక రేటు, విత్తన వడ్లది ఇంకో రేటు. అన్నిటికీ మూల విత్తనమైన బ్రీడర్ సీడ్‌ను ఎవరైనా అన్నం వండుకుంటారా? దాన్నుంచి ఫౌండేషన్ సీడ్, దాన్నుంచి సర్టిఫైడ్ సీడ్, ఆ తర్వాతే మన పొలం. ఈ ఆవు ఆ బ్రీడర్ సీడ్.

ఆవు మామూలుగా ఏడాదికి ఒక్క దూడే వేస్తుంది. అందుకే దీని అండాలు తీసి, ల్యాబ్‌లో పిండాలు చేసి, వేరే ఆవుల గర్భంలో పెడతారు. చూలు మోసేది అవి, దూడలు మాత్రం దీనివి. వాటిలో మేలైన మగవి ఆబోతులై, స్ట్రాలనే సన్నని గొట్టాల్లో వీర్యమై కింది మందలకు చేరతాయి. బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులున్నాయి, ఎక్కువ భాగం నెలోర్ రక్తమే. నెలోర్ అంటే ఒంగోలు జాతికి అక్కడి పేరు, మన నెల్లూరే అది. ఒంగోలు పక్కన కరవది అనే ఊరి పేరుతో 1960ల్లో వెళ్లిన ఆబోతుకు అక్కడ ఇప్పటికీ పేరుంది.

ఇక ఎంపిక. మనం మూపురం చూస్తాం, నడక చూస్తాం, బండ లాగుడులో గెలిచిందా అని అడుగుతాం. అక్కడి రైతు డీఈపీ అనే అంకె చూస్తాడు, అంటే దాని దూడలు ఎలా ఉంటాయన్న అంచనా. తల్లి నుంచి వేరుచేసే నాటి బరువుకు ఒక ఆబోతు అంకె +10, ఇంకోదానిది +4 అనుకోండి. అవి ఆబోతుల బరువులు కావు. మొదటిదాని దూడలు సగటున 6 కిలోలు ఎక్కువ తూగుతాయని అంచనా. గింజ నిగనిగలాడితే సరిపోదు, మొలకెత్తిన పైరు చూడాలి కదా.

టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్పేస్తాను. చాలామంది నెలోర్ ఆవులకు ఆంగస్ అనే విదేశీ మాంసపు జాతి వీర్యం సూది వేయిస్తారు. పుట్టే సంకర దూడ త్వరగా పెరుగుతుంది, మాంసం మెత్తగా ఉంటుంది. కానీ ఇది హైబ్రిడ్ మొక్కజొన్న లాంటిది. దాచుకుని మళ్లీ నాటితే ఆ ఊపు తగ్గిపోతుంది. అందుకే పైన మేలుజాతి మంద ఎప్పుడూ ఉండాలి. తర్వాత దూడలు పుట్టించేవాడు ఒకడు, పెంచేవాడు ఇంకొకడు, చివర్లో మేపి బలిపించేవాడు మరొకడు కావచ్చు. కబేళాలో లెక్క అరోబాల్లో, అంటే 15 కిలోల చొప్పున. వియాటినా అయినా, మామూలు ఆవు అయినా ఆ తక్కెడ మీద ధర ఒక్కటే.