పోలీసు ఛాతీ మీద ఫోన్, మన చేతిలో ఫోన్: ఏది ఎంత పనికొచ్చింది? | రివ్యూ

నమస్కారం అండీ. పోలీసులంటే జనానికి నమ్మకం తక్కువగా ఉన్న నగరాల్లో మొబైల్ ఫోన్ ఎంతవరకు ఉపయోగపడిందో ఈరోజు చూద్దాం. దీనికోసమే తయారైన రెండు యాప్‌లు తీసుకున్నాను. రెండింటినీ నేను అడిగే ప్రశ్న ఒక్కటే. బటన్ ఎవరి చేతిలో ఉంది?

మొదటిది కాప్‌కాస్ట్. బ్రెజిల్‌లోని ఇగరాపే ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ దీని వెనకుంది. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌ని బాడీ కెమెరాగా, అంటే పోలీసు ఒంటిమీద పెట్టుకునే కెమెరాగా మార్చేస్తుంది. ఉచితం, పైగా ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. ఖరీదైన కెమెరాలు కొనలేని పోలీసు శాఖలకి ఇది పెద్ద ఊరట. గస్తీకి వెళ్లే పోలీసు ఫోన్‌ని ఛాతీకి తగిలించుకుంటాడు. వీడియో, ఆడియో, అతనున్న చోటు పై అధికారికి తెలుస్తుంటాయి. బ్రెజిల్, దక్షిణాఫ్రికాల్లో పరీక్షించారు. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. నిజాయితీగా పనిచేసే కానిస్టేబుల్‌కి కూడా ఇది రక్షణే కదా! ఎవరైనా లేనిపోని నింద వేస్తే చూపించడానికి రికార్డింగ్ ఉంటుంది.

కానీ ఏ బాడీ కెమెరాకైనా చిక్కు ఒకచోటే వస్తుంది. ఆన్, ఆఫ్ పోలీసు ఇష్టమైతే, సరిగ్గా మనం చూడాల్సిన రెండు నిమిషాలే రికార్డవ్వవు. బ్రెజిల్‌లోని సావో పాలోలో 2020లో పోలీసులకి బాడీ కెమెరాలు పెట్టే కార్యక్రమం మొదలైంది. తర్వాత డ్యూటీ మొత్తం ఆగకుండా రికార్డయ్యే కెమెరాలు వచ్చాయి. అవి పెట్టుకున్న దళాల్లో పోలీసుల చేతిలో చనిపోయేవాళ్ల సంఖ్య బాగా తగ్గింది. అలాంటిది 2024లో కొత్త టెండర్ పిలిచినప్పుడు నిరంతర రికార్డింగ్ తప్పనిసరి కాదన్నారు. పెద్ద గొడవైంది. అవ్వాల్సిందే.

రెండోది ఫోగో క్రుజాడో. 2016 జులైలో రియో డి జెనీరోలో మానవ హక్కుల సంస్థ అమ్నెస్టీ ఇంటర్నేషనల్ మొదలుపెట్టింది, ఇప్పుడు స్వతంత్ర సంస్థ. ఇక్కడ బటన్ జనానిది. తుపాకీ మోత వినిపిస్తే యాప్‌లో చెబుతారు. టీమ్ సరిచూసుకుని మ్యాప్ మీద పెడుతుంది, ఆ సమయంలో అక్కడ పోలీసు ఆపరేషన్ నడుస్తోందా అన్నది కూడా నమోదు చేస్తుంది. ఈ సరిచూసుకోవడం దగ్గరే నేను ఎక్కువ మార్కులు వేస్తాను, ఎందుకంటే పుకారు కూడా ఫోన్‌లోనే పరిగెడుతుంది. పోలీసుల చేత జవాబు చెప్పించడం ఈ యాప్ వల్ల కాదు. కానీ నిలదీయడానికి కావాల్సిన లెక్క చేతికిస్తుంది.

అసలు యాప్ లేకుండానే ఫోన్ ఏం చేయగలదో నైజీరియా చూపించింది. సార్స్ అనే పోలీసు దళం దౌర్జన్యాల వీడియోలు జనాన్ని వీధుల్లోకి తెచ్చాయి. 2020 అక్టోబర్ 11న ఆ దళాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. అదే నెల 20న లాగోస్‌లోని లెక్కీ టోల్ గేట్ దగ్గర సైనికులు నిరసనకారులపై కాల్పులు జరిపితే, అక్కడున్నవాళ్లు ఫోన్లలో లైవ్ పెట్టి ప్రపంచానికి చూపించారు.

మీరూ ఎప్పుడైనా అలాంటిది చిత్రీకరిస్తే ఒక్క జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో నాణ్యత తగ్గిపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలూ పోతాయి. అందుకే పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, ఒరిజినల్ ఫైల్‌ని ముట్టుకోకుండా ఫోన్‌లోనే ఉంచండి. బాధితుల ముఖాలు కనిపించేలా మాత్రం ఎక్కడా పోస్ట్ చేయకండి.