లెక్క ఎవరి ముందు చదవాలి?

శ్రోతలకు నమస్కారం.

మీరు ఎప్పుడైనా మండల కేంద్రానికి పని మీద వెళ్లినప్పుడు ఎంపీడీవో ఆఫీసు ఆవరణలో షామియానా వేసి ఉండి, మైకులో ఎవరో పేర్లు చదువుతుంటే ఒక్క పది నిమిషాలు ఆగి వినండి. మనిషి పేరు, జాబ్ కార్డు నంబరు, ఎన్ని రోజులు పనికి వెళ్లినట్టు రాశారు, ఎంత డబ్బు ఇచ్చినట్టు రాశారు. చదివేది అంతే. కానీ కింద పట్టాల మీద కూర్చున్న ఆడవాళ్లు ఆ చదివేదాన్ని ఎంత శ్రద్ధగా వింటారో చూడాలి. "ఆరు రోజులు" అని మైకులో వినపడగానే ఒకామె లేచి నిలబడుతుంది. "నేను పోయింది మూడు రోజులే అయ్యా, మిగతా మూడు రోజుల డబ్బులు ఎవరు తీసుకున్నారు?" అంటుంది. ఇంకో పేరు చదివితే జనంలోంచి నలుగురు ఒకేసారి, "ఆయన పోయి రెండేళ్లయింది" అంటారు. అప్పుడు ఆ షామియానా కింద ఒక్కసారిగా నిశ్శబ్దం అలుముకుంటుంది.

దీని పేరు సామాజిక తనిఖీ ప్రజావేదిక. ఉపాధి హామీ పనుల మీద జరుగుతుంది. మన ఊళ్లలో ఆ పనిని ఇప్పటికీ చాలామంది కరువు పని అనే అంటారు.

ప్రభుత్వ పథకాల మీద జరిగే పరిశోధన గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పాలనుకుని, ఈ షామియానా దగ్గర మొదలుపెట్టాను. కారణం ఉంది. పరిశోధన అనగానే మనకు హైదరాబాదులో ఏసీ హాలు, గోడ మీద స్లైడ్లు, ఇంగ్లీషులో ఉపన్యాసం గుర్తొస్తాయి. కూలీల హాజరు రాసే మస్టరు కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగి, రాసిన దాన్నీ జరిగిన దాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం కూడా పరిశోధనే. రెండింటికీ ఒక్క విషయంలో పెద్ద తేడా ఉంది. ఈ రెండో దాంట్లో, ఏ మనిషి గురించి రాశారో ఆ మనిషి ముందే దాన్ని చదవాలి. తప్పు రాస్తే ఆ మనిషే లేచి తప్పు అంటుంది.

ఈ పద్ధతి పుట్టింది రాజస్థాన్‌లో. 1990లో అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘం మొదలైంది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ లాంటి వాళ్లు పల్లెలోనే ఉండి దాన్ని నడిపారు. కరువు పనుల్లో కూలీలకు చెప్పిన కూలి చేతికి రావడం లేదు. అడిగితే, మీరు పని సరిగ్గా చేయలేదు, కొలతలు చూడండి అనేవాళ్లు. సరే, ఆ కొలతల కాగితాలు చూపించండి అంటే మాత్రం, అది సర్కారు రహస్యం అనేవాళ్లు. 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో మొదటి జన్ సునవాయి, అంటే జనం ముందు బహిరంగ విచారణ, జరిగింది. దొరికిన కాగితాలను దొరికినట్టు జనం ముందు చదివారు, అంతే. 1996లో బియావర్ పట్టణంలో నలభై రోజుల ధర్నా చేశారు. సమాచార హక్కు కోసం దేశమంతా సాగిన పోరాటానికి అక్కడి నుంచే ఊపు వచ్చింది. 2005లో ఆ హక్కు చట్టమైంది.

అదే ఏడాది ఉపాధి హామీ చట్టం కూడా వచ్చింది. ఏడాదికి వంద రోజుల పని, పదిహేను రోజుల్లోపు కూలి అని అందులో రాశారు. పదిహేడో సెక్షన్‌లో ఇంకో మాట రాశారు: పనుల మీద గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని. 2006 ఫిబ్రవరి 2న పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా అక్కడికి వచ్చారు. అదే అనంతపురంలో ఆ ఏడాదే పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ కూడా జరిగింది. చాలా రాష్ట్రాల్లో ఆ పదిహేడో సెక్షన్ కాగితం మీదే ఉండిపోయిన రోజుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దానికోసం 2009లో విడిగా ఒక సొసైటీ పెట్టింది. పని చేయించే శాఖే తన పనిని తాను తనిఖీ చేసుకోకుండా, ఇంకొకరు చేసేలా ఏర్పాటు చేసింది. మన తెలుగువాళ్లు గర్వపడాల్సిన విషయాల్లో ఇదొకటని నా నమ్మకం. మనం దీని గురించి మాట్లాడుకునేది మాత్రం చాలా తక్కువ.

తనిఖీ ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను. అసలు విషయమంతా ఆ వివరాల్లోనే ఉంది. ముందుగా మండలానికి ఒక బృందం వస్తుంది. కంప్యూటర్ నుంచి తీసిన మస్టర్లు, చెల్లింపుల జాబితాలు, కొలతల పుస్తకం నకళ్లు తెచ్చుకుంటారు. ఆ తర్వాత చదువుకున్న కూలీల పిల్లల్ని ఎంచుకుని, మస్టరు ఎలా చదవాలో, కట్ట ఎలా కొలవాలో రెండు మూడు రోజులు నేర్పిస్తారు. ఆ పిల్లలను వాళ్ల సొంత ఊరికి పంపరు, పక్క ఊళ్లకు పంపుతారు. సొంత ఊళ్లో అయితే మొహమాటాలు, బంధుత్వాలు, రేపు మళ్లీ ఎదురుపడాల్సిన ముఖాలు ఉంటాయి. వెళ్లిన ఊళ్లో బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పడుకోవాలి. ఏ పెద్దమనిషి ఇంట్లోనూ భోజనం చేయకూడదు. ఈ ఒక్క నియమం మీద నాకు ఎంతో గౌరవం. మన పల్లెల్లో ఒకరి ఇంట్లో అన్నం తిన్నాక వాళ్ల మీద రాయాలంటే కలం కదలదు, ఎవరికి తెలియనిది!

పొద్దున్నే, కూలీలు పనికి వెళ్లకముందే ఇంటింటికీ తిరుగుతారు. పాసుబుక్కు చూస్తారు. చదువు రాని వాళ్లకు అందులో ఏముందో చదివి వినిపిస్తారు. మాపటేళ మళ్లీ వస్తారు. చెరువు పూడిక తీశామని రాసిన చోటికి టేపు పట్టుకుని వెళ్తారు. చివరికి ఊళ్లో సభ పెట్టి, ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక పెడతారు. అక్కడ ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, పోస్టాఫీసు నుంచి డబ్బులు పంచిన మనిషి, అందరూ జనం ఎదుట సమాధానం చెప్పాలి. మేస్త్రీ ముందు గొంతెత్తని మనిషి, పొలం యజమానిని పేరు పెట్టి పిలవని మనిషి మైకు పట్టుకుని అందరిలో తన మూడు రోజుల కూలి గురించి అడుగుతుంది. ఏ అర్థశాస్త్ర పుస్తకం చదివినా దానికి సమానమైన దృశ్యం నాకు కనపడలేదు.

అయితే ఇంతటితో అంతా బాగుందని చెప్పి కూర్చుంటే మీకు సగమే చెప్పినట్టు. ఫర్జానా అఫ్రీది, వేగార్డ్ ఐవర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ తనిఖీల రిపోర్టులనే తీసుకుని పరిశీలించారు. 2006 నుంచి 2010 దాకా, ఎనిమిది జిల్లాల్లో మూడు వందల పంచాయతీల రిపోర్టులు. వాళ్లకు తేలింది మనసుకు కష్టం కలిగించే విషయం. తనిఖీలు తప్పుల్ని బాగానే పట్టుకుంటున్నాయి, కానీ ఒక తనిఖీకీ తర్వాతి తనిఖీకీ మధ్య మొత్తం తప్పులు తగ్గలేదు. పైగా, తప్పుల తీరు మారింది. సులువుగా దొరికిపోయేవి తగ్గి, సామగ్రి కొనుగోళ్లలో జరిగే, పట్టుకోవడం కష్టమైనవి పెరిగాయి. ఆలోచిస్తే అర్థమవుతుంది. తను ఎన్ని రోజులు తట్ట మోసిందో కూలీకి తెలుసు. ఎన్ని ట్రాక్టర్ల కంకర వచ్చిందో, ఎన్ని బస్తాల సిమెంటు కలిపారో ఆమెకు ఎవరు చెబుతారు? పైగా తప్పు తేలినా డబ్బు వెనక్కి రావడం, మనిషికి శిక్ష పడటం చాలా అరుదుగా జరిగాయి. 2012లో రాష్ట్రం దీనికోసం ఒక చట్టం కూడా చేసింది. అయినా మైకులో "రికవరీకి ఆదేశించడమైనది" అని చదవడానికీ, ఆ డబ్బు నిజంగా జమ కావడానికీ మధ్య దూరం చాలా ఉంది. రెండోసారి ప్రజావేదికకు వచ్చిన మనిషి, "పోయినసారి చెప్పింది ఏమైంది?" అని అడిగినప్పుడు వేదిక మీద ఉన్న అధికారులు తల దించుకోవడం నేను చూశాను. ఆ మనిషి మూడోసారి వస్తుందా?

ఇంకో రకం పరిశోధన ఉంది. షామియానా కింద ఎంతసేపు కూర్చున్నా కనపడని వాటిని అది చూపిస్తుంది. 2010 ప్రాంతంలో మన దగ్గర స్మార్ట్‌కార్డులు వచ్చాయి, గుర్తుందా? వేలిముద్ర వేస్తే ఊళ్లోనే కూలి డబ్బులు, పింఛను చేతికిచ్చే పద్ధతి. ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ముందు ఇవ్వాలి, ఏ మండలానికి తర్వాత ఇవ్వాలి అన్నది లాటరీ వేసి తేల్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆ లాటరీని ఆధారం చేసుకుని అధ్యయనం చేశారు. ముందు కార్డులొచ్చిన మండలాలనూ తర్వాత వచ్చిన మండలాలనూ పోల్చారు. 157 మండలాలు, దాదాపు 1 కోటి 90 లక్షల జనాభా. కూలి త్వరగా వచ్చింది. డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం తగ్గింది. మధ్యలో కారిపోయేది బాగా తగ్గింది. ప్రభుత్వం పెట్టే ఖర్చు పెరగకుండానే కూలీ చేతికి వచ్చేది పెరిగింది.

అసలు ఆశ్చర్యం 2023లో అచ్చైన రెండో పత్రంలో ఉంది. ఆ మండలాల్లో ఉపాధి కూలీల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది, పేదరికం 26 శాతం తగ్గింది. సంపాదనలో పెరిగిన దాంట్లో 86 శాతం ఉపాధి పని నుంచి రాలేదు, బయటి పనుల నుంచి వచ్చింది. కరువు పనిలో డబ్బులు సరిగ్గా వస్తాయన్న ధీమా కలిగాక, కూలీ పొలం యజమానితో "ఈ కూలికి నేను రాను" అనగలిగింది. కూలి రేటు పెరిగింది. అంతేకాదు, భూమి కొద్దిమంది చేతిలోనే ఉన్న ఊళ్లలో పని దొరకడం ఎక్కువగా పెరిగింది. ఉపాధి హామీ వచ్చాక కూలీలు దొరకడం లేదు, వ్యవసాయం నాశనమైంది అని మనం టీ బడ్డీల దగ్గర ఎన్నిసార్లు వినలేదు? రైతు ఇబ్బంది నిజమే, ముఖ్యంగా రెండు మూడు ఎకరాల రైతుది. ఆ మాట కొట్టిపారేయను. కానీ బయట కూలి పనులు కూడా ఆ మండలాల్లో పెరిగాయే గానీ తగ్గలేదని లెక్క చెబుతోంది. ఇంత పెద్ద సంగతి మన జీవితాల గురించి తేలితే, అది ఏ గ్రామసభలోనూ ఎవరూ చదవలేదు. వేలిముద్ర వేసి, సర్వే వాళ్లు అడిగిన ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పిన ఆవిడకు, తన జవాబులో నుంచి ఏం తేలిందో తెలియదు.

ఇది ఒక్క స్మార్ట్‌కార్డుల కథే అయితే సరిపెట్టుకోవచ్చు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, దోకూరు అని రెండు ఊళ్లున్నాయి. పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975లో అక్కడ అధ్యయనం మొదలుపెట్టారు. మనుషుల్ని ఊళ్లోనే ఉంచి, ఎవరు ఏం పండించారు, ఎంత అప్పు తెచ్చారు, ఏం తిన్నారు అని ఏళ్ల తరబడి రాసుకున్నారు. ఆముదం, జొన్న పండించుకునే ఆ ఔరేపల్లె లెక్కలతో, వాటితో పాటు మహారాష్ట్రలోని మరో రెండు ఊళ్ల లెక్కలతో రాబర్ట్ టౌన్సెండ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1994లో ఒక పత్రం రాశారు. ఒక ఇంటికి నష్టం వస్తే ఊళ్లో మిగతావాళ్ల ఆసరాతో ఆ ఇంటి తిండి ఎంతవరకు నిలబడుతుందన్నది ఆయన ప్రశ్న. ఇంటి ఆదాయం పడిపోయినంతగా తిండి పడిపోవడం లేదని తేలింది. చేబదులు, పక్కింటి గింజలు, చుట్టాల సాయం అంటూ మనం రోజూ చూసేదాన్నే ఆయన లెక్కగట్టి చూపించారు. ప్రపంచంలో అభివృద్ధి అర్థశాస్త్రం చదివే పిల్లలు ఎక్కడున్నా ఆ పత్రం దగ్గరికి వస్తారు. అలాగే యంగ్ లైవ్స్ అని ఇంకో అధ్యయనం 2002 నుంచి ఆంధ్ర, తెలంగాణల్లో మూడు వేల మంది పిల్లల్ని వాళ్ల చిన్నతనం నుంచి పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చింది. ఆ పిల్లల్లో చిన్నవాళ్లు కూడా ఇప్పుడు పాతికేళ్లకు దగ్గర్లో ఉన్నారు.

పరిశోధకుల మీద నాకు కోపం లేదు. ఎండలో తిరిగి, కాగితం మీద కాగితం పోగేసి నిజం కోసం కష్టపడే వాళ్లంటే గౌరవమే. సర్వేలో ఎవరు ఏం చెప్పారో బయటపెట్టకూడదన్న నియమం కూడా సరైనదే. నేను అడిగేది ఎవరి పేరూ చెప్పకుండానే చేయగలిగిన పని. మూడు వందల పేజీల రిపోర్టు రాశాక, నాలుగు పేజీలు తెలుగులో రాయండి. మన ఊళ్లో మాట్లాడే తెలుగులో రాయండి, ఆఫీసు తెలుగులో వద్దు. సర్వే చేసిన ఊళ్లకు అది పంపండి. అక్టోబరు 2న గ్రామసభలో, వక్తల మాటలు మొదలవకముందే, ఆ ఊరి డిగ్రీ అమ్మాయి ఎవరైనా మైకులో చదవనివ్వండి. మస్టరు చదివినట్టే చదవనివ్వండి. సామాజిక తనిఖీ చేసే పిల్లలకు పదిహేనేళ్లకు పైగా ఆ అలవాటు ఉంది, వాళ్లనే పిలవవచ్చు. చదవడం పూర్తయ్యాక అరగంట ఊరుకోండి. జనం మాట్లాడతారు. కొన్నిచోట్ల మీ లెక్క తప్పంటారు, ఎందుకు తప్పో కూడా చెబుతారు. దాన్ని రాసుకోండి.

ఔరేపల్లెలో అలాంటి సభ జరిగితే ముందు వరసలో కూర్చునే పెద్దవాళ్లకు 1975లో పాతికేళ్లుండి ఉంటాయి. నోటుపుస్తకం పట్టుకుని మళ్లీ మళ్లీ వచ్చి, ఏం తిన్నారు, గింజలు ఎవరి దగ్గర తెచ్చుకున్నారు అని అడిగిన కుర్రవాడు వాళ్లకు గుర్తుంటాడు. ఆ నోటుపుస్తకంలో ఏం రాశాడో వాళ్లు ఇప్పటికైనా వినాలి.

సెలవు. నమస్కారం.