ఇసుకను కట్టి నిలిపిన తీరం: లిథువేనియాలో ఏం చూడాలి, ఎలా చూడాలి

సభకు నమస్కారం.

బాల్టిక్ తీరాన ఉన్న మూడు దేశాల్లో దక్షిణాన ఉన్నది లిథువేనియా. షెంగెన్ వీసా ఉంటే చాలు, ఖర్చు యూరోల్లో. అక్కడి భాషలో నిప్పును 'ఉగ్నిస్' అంటారు, పొగను 'దూమై' అంటారు. అగ్ని, ధూమం తెలిసిన మన చెవికి ఆ మాటలు కొత్తగా తోచవు.

ఆరేడు రోజులు చేతిలో ఉంటే చాలామంది నాలుగు రోజులు రాజధాని విల్నియస్‌కే ఇచ్చేస్తారు. పాత నగరం అందమైనదే, 1994లో యునెస్కో జాబితాకెక్కింది కూడా. కానీ దానికి రెండు రోజులు చాలు. మిగిలిన రోజులు పడమటి తీరానికి దాచుకోండి.

విల్నియస్‌కు 28 కిలోమీటర్ల దూరంలో త్రాకై ఉంది. గాల్వె సరస్సు మధ్య దీవిలో ఎర్రటి కోట. లిథువేనియా పాలకుడు కెస్తూటిస్ మొదలుపెట్టిన కట్టడాన్ని ఆయన కొడుకు వితౌటాస్ పూర్తిచేశాడు. 1430లో ఆ కొడుకు కన్నుమూసిందీ అక్కడే. తర్వాత కోట శిథిలమైపోయింది. ఇప్పుడు కనిపించే పై గోడలూ బురుజులూ చాలావరకు 1950, 60 దశకాల్లో మళ్లీ కట్టినవి. గోడ దగ్గరికెళ్లి కింది నుంచి పైకి చూడండి. అడుగున మొరటు బండరాళ్లు, పైన నున్నటి ఇటుక. పాత పనీ కొత్త పనీ కంటితోనే కొంతవరకు విడదీసుకోవచ్చు. రైలు దిగాక కోటకు రెండున్నర కిలోమీటర్ల దాకా నడక ఉంటుంది, రానుపోను ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి.

ఆ నడక దారిలోనే వీధి వైపు మూడు కిటికీలున్న చెక్క ఇళ్లు కనిపిస్తాయి. అవి 14వ శతాబ్దం చివర వితౌటాస్ క్రిమియా నుంచి తెచ్చి స్థిరపరచిన కరాయిములనే తుర్కీ భాషా సమూహంవారి ఇళ్లు. ఒక కిటికీ దేవుడికి, ఒకటి ఇంటివారికి, ఒకటి వితౌటాస్‌కు అని చెప్పుకుంటారు. వాళ్ల వంటకం కిబినై అచ్చం మన కజ్జికాయ ఆకారంలో ఉంటుంది, అంచు మడత కూడా అలాంటిదే. లోపల మామూలుగా గొర్రె మాంసం పెడతారు. శాకాహారులు పుట్టగొడుగులవో కూరగాయలవో ఉన్నాయేమో అడిగి తీసుకోవాలి.

విల్నియస్ నుంచి క్లైపెడా రేవుకు రైల్లో నాలుగు గంటల పైచిలుకు. అదే లైనులో షౌలై వస్తుంది. అక్కడ దిగితే 12 కిలోమీటర్ల దూరంలో శిలువల గుట్ట. చిన్న మిట్ట మీద లక్షకు పైగా శిలువలు. సోవియట్ పాలనలో 1961లో బుల్డోజర్లతో దున్నేశారు, ఆ తర్వాతా పలుమార్లు తొలగించారు. జనం రాత్రిళ్లు వచ్చి మళ్లీ నాటారు. షౌలై బస్సు దొమాంతై స్టాపులో దింపుతుంది, అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు నడవాలి. బస్సులు తక్కువ, అందుకని తిరుగు బస్సు వేళ స్టాపులోనే ఫోటో తీసుకుని గుట్టకు బయల్దేరండి.

ఇక అసలు విషయం, కుర్షియు నేరియా. సముద్రానికీ మంచినీటి కయ్యకూ (లగూన్) మధ్య 98 కిలోమీటర్ల ఇసుక పట్టీ. కొన్నిచోట్ల వెడల్పు 400 మీటర్లే. ఉత్తరాన సగం లిథువేనియాది, దక్షిణాన సగం రష్యాది. 2000లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఒకప్పుడు ఇదంతా అడవి. కలప కోసం కొట్టేశారు, పశువుల్ని మేపారు, ఇసుకకు పట్టు పోయింది. పడమటి గాలి పొడి ఇసుకను దిబ్బ వాలు మీదుగా పైకి తోస్తుంది, శిఖరం దాటగానే అది తూర్పు వైపు జారిపడుతుంది. అలా దిబ్బ మొత్తం అంగుళమంగుళం తూర్పుకు నడిచి ఊళ్లమీద పడింది. 14 ఊళ్లు పూడిపోయాయంటారు. 1825లో లిథువేనియా జానపద గీతాలను తొలిసారి పుస్తకంగా వేసిన రేజా పుట్టిన కర్వైచై కూడా వాటిలో ఒకటి.

దాన్ని ఆపింది 19వ శతాబ్దపు మనుషుల చేతులు. సముద్రపు ఒడ్డున కొమ్మలల్లిన దడులు కట్టారు. గాలి దడికి తగిలి నెమ్మదించగానే ఇసుక అక్కడే రాలి గట్టయింది. ఆ గట్టు చాటున గడ్డి వేసి, పొట్టి పైన్ మొక్కలు నాటారు. మన కోస్తాలో సరుగుడు తోటలు చేసే పనే అది. ఆ దడుల అల్లిక ఈనాటికీ సాగుతోంది. మీరు నడిచే చెక్క బాట పక్కన ఎండుకొమ్మలు చాపల్లా పరిచి ఉంటే, అది చెత్త కాదు, ఇసుకకు వేసిన కట్టు. బాట దిగితే మొదట చిట్లేది ఇసుక మీది గడ్డి, నాచుల పొర. పొర చిట్లిన చోటి నుంచే గాలి తవ్వడం మొదలవుతుంది. నాగ్లై బూడిదరంగు దిబ్బల దగ్గర ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

ఈ ఇసుక పట్టీకి దాటడానికి క్లైపెడాలో రెండు ఫెర్రీ రేవులున్నాయి. కాలినడకన వెళ్లేవారికి ఊరి నడుమనున్న పాత రేవు, కార్లకు దక్షిణాన కొత్త రేవు. చాలామంది పొరపడేది ఇక్కడే. నీటిమీద ప్రయాణం పది నిమిషాలైనా పట్టదు. అవతల స్మిల్టినె నుంచి రష్యా సరిహద్దు దగ్గరి ఊరు నిదాకు బస్సులో సుమారు 50 కిలోమీటర్లు. కారులో వెళితే దారిలో నేరింగా పురపాలిక ప్రవేశ రుసుము కట్టాలి.

నిదాలో పర్నిడిస్ దిబ్బ 52 మీటర్ల ఎత్తు, పైన రాతి ఎండగడియారం. జూన్ చివర సూర్యుడు గుంకేది రాత్రి పది దాటాకే. అప్పుడు దిబ్బ మీద నిలబడితే ఒకవైపు సముద్రం, మరోవైపు కయ్య కనిపిస్తాయి. గాలి మాత్రం జూలైలో కూడా చలి పుట్టిస్తుంది, గాలి చొరని జాకెట్ తప్పనిసరి. ఇక్కడే ఇంకో చిక్కుంది. సరిహద్దు దగ్గర గనుక ఫోను రష్యా నెట్‌వర్క్‌ను పట్టుకోవచ్చు. రోమింగ్ బిల్లు ఒక నష్టం. వేసవిలో అవతలి సమయం గంట వెనక గనుక ఫోను గడియారం మారి చివరి బస్సు తప్పిపోవడం రెండో నష్టం. నెట్‌వర్క్‌నూ, టైమ్‌నూ ముందే మాన్యువల్‌గా పెట్టుకోండి.

ఊళ్లో ఇళ్ల కప్పుల మీద నిలిపిన చెక్క గాలిజెండాలు చూడకుండా రావద్దు. 1844లో ఏ ఊరి పడవో గుర్తుపట్టేందుకు ఊరికో రంగుల గుర్తు తప్పనిసరి చేశారు. జాలర్లు ఆ గుర్తు చుట్టూ ఇల్లు, చర్చి, పడవ చెక్కి చేర్చారు. నిదా గుర్తు నలుపు తెలుపు.

తుఫాను తర్వాతి ఉదయం ఒడ్డున నాచు చిక్కుల్లో ఆంబర్ దొరుకుతుంది, మన పాతవాళ్లు తృణమణి అన్నది దీన్నే. బట్టకు రుద్దితే గడ్డిపోచను లాగుతుంది. గులకరాయి ఉప్పునీటిలో మునుగుతుంది, ఆంబర్ తేలుతుంది. అందుకు గ్లాసు నీళ్లలో ఏడు టీస్పూన్ల ఉప్పు కలపాలి. కొన్ని ప్లాస్టిక్‌లు కూడా తేలతాయి గనుక ఇదొక్కటే రుజువు కాదు. బాల్టిక్ ఒడ్డున కొన్నిచోట్ల యుద్ధకాలపు బాంబుల తెల్ల భాస్వరం ముక్కలు కూడా అచ్చం ఇలాగే పసుపుగా కొట్టుకొస్తాయి. తడిగా ఉన్నంతసేపు అంటుకోదు, జేబులో ఆరగానే దానంతటదే అంటుకుంటుంది. అందుకని ఏరిన ముక్కను ఒంటికి దగ్గరగా పెట్టుకోవద్దు. మూతున్న రేకు డబ్బాలో వేసి, పూర్తిగా ఆరేదాకా మండేవాటికి దూరంగా ఉంచండి.