మందలు పంచారు, నష్టం ఎవరిది? మంగోలియా మార్కెట్ బాట

శ్రోతలకు నమస్కారం.

1991లో మంగోలియా ప్రభుత్వం ప్రైవేటీకరణ చట్టం చేసి, పసిబిడ్డలతో సహా దేశంలోని ప్రతి పౌరుడికీ కూపన్లు పంచింది. తలకు మూడు గులాబీ రంగు కూపన్లు, ఒక నీలం రంగు కూపను. గులాబీవి మూడూ కలిపి 3,000 తుగ్రిక్‌లు, నీలంది 7,000 తుగ్రిక్‌లు. తుగ్రిక్ అంటే అక్కడి నాణెం. గులాబీ కూపన్లతో చిన్న దుకాణాలు, లారీలు, పశువులు కొనుక్కోవచ్చు, అవసరమైతే ఆ కూపన్లనే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. నీలం కూపను మాత్రం అమ్మడానికి వీల్లేదు. దాన్ని పెద్ద కర్మాగారాల వాటాల కోసం స్టాక్ ఎక్స్ఛేంజిలోనే వాడాలి. అప్పటిదాకా పిల్లల సినిమా హాలుగా ఉన్న భవనంలో, రాజధాని ఉలాన్‌బాతర్ నడిబొడ్డున, ఆ స్టాక్ ఎక్స్ఛేంజి తెరిచారు. 1992 ఫిబ్రవరిలో వాటాల పంపకం మొదలైంది.

ఆ దేశం విస్తీర్ణం 15 లక్షల 64 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో దాదాపు సగం. జనాభా అప్పుడు 20 లక్షల పైచిలుకు, ఇప్పుడు సుమారు 35 లక్షలు. ఉత్తరాన రష్యా, దక్షిణాన చైనా, సముద్రం లేదు. ఆస్తిని పంచడం ఎంత సులువో, ఆ ఆస్తితోపాటు వచ్చే నష్టాన్ని ఎవరు మోయాలో తేల్చడం ఎంత కష్టమో ఈ దేశం అనుభవంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ పూట నా మాటలన్నీ ఆ రెండో సంగతి చుట్టూనే తిరుగుతాయి.

అంత తొందర ఎందుకంటే, వాళ్ళకు వేరే దారి లేదు. సోవియట్ యూనియన్ నుంచి వచ్చే సాయం మంగోలియా జాతీయోత్పత్తిలో సుమారు మూడో వంతు ఉండేది. పెట్రోలు, యంత్రాల విడిభాగాలు, లారీలు, విద్యుత్ కేంద్రాల నిపుణులు అందరూ అక్కడి నుంచే. 1990 మార్చిలో ఉలాన్‌బాతర్ సుఖ్‌బాతర్ చౌకులో ప్రజాస్వామ్యం కోరుతూ యువకులు నిరాహార దీక్షకు కూర్చోవడంతో పాత పాలకవర్గం రాజీనామా చేసింది, జులైలో పోటీ ఎన్నికలు జరిగాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే సోవియట్ సాయం ఆగిపోయింది. నగరాల్లో పిండికీ మాంసానికీ రేషను కార్డులు పెట్టాల్సి వచ్చింది. 1992లో ద్రవ్యోల్బణం 300 శాతం దాటింది. బ్యాంకులో దాచుకున్న సొమ్ము కళ్ళముందే కరిగిపోయింది.

నీలం కూపన్ల సంగతి ముందు చెబుతాను. దాదాపు 475 కంపెనీల వాటాలు వాటి ద్వారా పంచారు. కానీ వాటాదారు తన వాటాను మళ్ళీ అమ్ముకునే బజారు 1995 ఆగస్టు దాకా తెరుచుకోలేదు. మూడేళ్ళకు పైగా చేతిలో వాటా పత్రం ఉంది, దాని ధర ఎంతో తెలియదు, డివిడెండు రాదు, లెక్కలు చూపమని అడిగే దారి లేదు. ఈలోగా కంపెనీని నడిపే మేనేజర్లే లోపలి విషయం తెలిసినవాళ్ళు కాబట్టి, జనం దగ్గర వాటాలు కారుచౌకగా పోగుచేసుకున్నారు. వాటాలు పంచడానికి ముందే కొనుగోలు అమ్మకాల బజారు, ఆడిట్ నిబంధనలు సిద్ధం చేసి ఉంటే ఇంత దోపిడీ జరిగేది కాదని నా అభిప్రాయం. వరస తప్పింది, మూల్యం సామాన్యుడు చెల్లించాడు.

ఇక గులాబీ కూపన్లు. అసలు కథ ఇక్కడుంది.

సోషలిస్టు కాలంలో పశువులు నెగ్దెల్ అనే సహకార సంఘాలవి. కాపరి ఆ మందను మేపి జీతం తీసుకునేవాడు, సొంతానికి కొద్ది పశువులు మాత్రం ఉంచుకోనిచ్చేవారు. జీతం తక్కువే, స్వేచ్ఛ అంతకన్నా తక్కువ. అయితే నెగ్దెల్ మందను సొంతం చేసుకుని ఊరుకోలేదు. చలికాలానికి ఎండుగడ్డి కోసి నిల్వ చేసేది. మేత కోసం మకాం మార్చేటప్పుడు లారీ పంపేది. లోతు బావులకు పంపులు బిగించి, చెడితే బాగుచేసేది. పశువైద్యుణ్ణి పెట్టేది. ఉన్ని, తోలు, మాంసం కొనేది. ముసలితనంలో పింఛను ఇచ్చేది. 1991 నుంచి 1993 లోపు నెగ్దెల్‌లు రద్దయ్యాయి. పశువుల్లో కొంత భాగాన్ని సభ్యులు పంచుకున్నారు, మిగతావి వాటి స్థానంలో వచ్చిన కంపెనీలకు వెళ్ళాయి, ఆ కంపెనీల్లో చాలామటుకు కొన్నేళ్ళకే మూతపడ్డాయి. మంద ఇంటింటికీ వచ్చింది. గడ్డి నిల్వ, లారీ, బావి, వైద్యుడు ఎవరి వాటాకూ రాలేదు. పంపులు పాడైతే అడిగే నాథుడు లేడు, కొన్నిచోట్ల విడిభాగాలు ఊడదీసి అమ్ముకున్నారు. బావి ఎండితే దాని చుట్టూ ఉన్న బీడంతా వాడకానికి పనికిరాదు, మందలన్నీ నీళ్ళున్న చోటికే చేరి అక్కడి గడ్డిని వేళ్ళతో సహా తొక్కేస్తాయి.

పట్నాల్లో ఉద్యోగాలు పోయినవాళ్ళు కూడా ఆ రోజుల్లో మందల దగ్గరికి తిరిగి వెళ్ళారు. కాపరి కుటుంబాల సంఖ్య కొద్ది ఏళ్ళలోనే రెట్టింపు దాటింది. వీళ్ళలో చాలామందికి పెద్దల అనుభవం లేదు. ఏ లోయలో గాలి తక్కువ, ఏ వాలు మీద మంచు ముందు కరుగుతుంది, చూడి గొర్రెలను ఎక్కడ ఉంచాలి అనేవి ఒక్క ఏడాదిలో వచ్చే విద్యలు కావు.

దేశంలో 1990లో ఉన్న పశువులు 2 కోట్ల 59 లక్షలు. 1999కి 3 కోట్ల 36 లక్షలయ్యాయి. సంస్కరణ ఫలించిందని అందరూ అనుకున్న సమయంలో జుద్ వచ్చింది. వేసవిలో వాన లేక గడ్డి ఎదగక, ఆ వెంటనే చలికాలం మరీ గట్టిగా వస్తే పశువులు మూకుమ్మడిగా చనిపోతాయి. దాన్నే జుద్ అంటారు. మంచు లోతుగా పడి గడ్డి అందకపోతే తెల్ల జుద్. మంచు కాస్త కరిగి మళ్ళీ గడ్డకట్టి పైన పలకలా బిగిస్తే ఇనుప జుద్, అప్పుడు గిట్టతో తవ్వినా గడ్డి బయటపడదు. అసలు మంచే పడకపోతే నల్ల జుద్, ఎందుకంటే చలికాలంలో పశువుకు తాగే నీరు ఆ మంచే. 1999 నుంచి 2002 వరకు వరసగా మూడు చలికాలాలు జుద్ తగిలింది. కోటికి పైగా పశువులు చనిపోయాయి. 2002 చివరికి మిగిలినవి 2 కోట్ల 39 లక్షలు, అంటే 1990 కన్నా తక్కువ. 2009-10 చలికాలంలో మళ్ళీ దాదాపు కోటి పశువులు పోయాయి. మంద పోయిన కుటుంబాలు గుడారం విప్పుకుని ఉలాన్‌బాతర్ శివార్లకు చేరాయి. అక్కడ నీటి గొట్టం లేదు, వేడి సరఫరా లేదు, పొయ్యిలో ముడి బొగ్గే దిక్కు. రాజధానిని కమ్మిన పొగ ప్రాణాంతకమై, 2019 మేలో అక్కడ ముడి బొగ్గు వాడకాన్నే నిషేధించాల్సి వచ్చింది.

మేకల విషయం ఇక్కడే కలపాలి. మనం పష్మీనా అనుకునే కాష్మియర్ ఉన్ని మేక నుంచి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో దువ్వెనతో దువ్వి తీస్తారు. ఒక మేకకు పావు కిలో, మహా అయితే 300 గ్రాములు. కడిగి, ముతక వెంట్రుకలు వేరు చేస్తే అందులో సగానికి అటూ ఇటూగా మిగులుతుంది. కాపరికి ఏడాదిలో గట్టిగా రొక్కం కనిపించేది అప్పుడే. అందుకే చలికాలంలో చేసిన అప్పులన్నీ వసంతంలో కాష్మియర్ అమ్మి తీరుస్తాడు. మేత భూమి ప్రైవేటుది కాదు. 1992 రాజ్యాంగం మేత భూములను సొంత ఆస్తిగా ఇవ్వడానికి వీల్లేదంది. పశువు నాది, గడ్డి అందరిది అయినప్పుడు ఇంకో పది మేకలు పెంచితే వచ్చే లాభం నాకు, నేలకు జరిగే నష్టం అందరికీ. 1990లో మందలో ప్రతి ఐదు పశువుల్లో ఒకటి మేక, 2019లో 7 కోట్ల పశువుల్లో ప్రతి ఐదింటికీ రెండు మేకలు. మేక గడ్డిని మొదలంటా కొరుకుతుంది. పైగా ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి చలికి ముందు కూలేది అదే. మార్కెట్ ధర ఎటు తోసిందో మంద అటు పెరిగింది, జుద్‌కు తట్టుకోగల మందగా మాత్రం పెరగలేదు.

ప్రభుత్వం కాష్మియర్ వ్యాపారంలో వేలు పెట్టిన తీరు కూడా గమనించాలి. 1994లో ముడి కాష్మియర్ ఎగుమతిని నిషేధించింది. దేశంలోని కర్మాగారాలకు సరుకు చౌకగా దొరకాలని ఉద్దేశం. ఫలితంగా కాపరికి వచ్చే ధర తగ్గింది, సరుకు దొంగచాటుగా చైనా దాటింది. తర్వాత నిషేధం తీసేసి ఎగుమతి సుంకం వేశారు. సుంకం ముడి సరుకు మీదే కాబట్టి, ఊరికే ఒకసారి కడిగి పంపడం అలవాటైంది. ఇంకో కొసకు వెళితే, 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన ఏడాదే దిగుమతి సుంకాలను దాదాపు పూర్తిగా రద్దు చేశారు. ఖజానాకు ఆదాయం పోయింది, సొంత కర్మాగారాలకు కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా దక్కలేదు. రెండేళ్ళకే, 1999లో, 5 శాతం సుంకం మళ్ళీ పెట్టారు.

నష్టాన్ని మోసే ఏర్పాటు గట్టిగా ఆలోచించి చేసినచోట ఫలితం వచ్చింది. 2006లో బయన్‌హొంగోర్, ఖెంతీ, ఉవ్స్ జిల్లాల్లో ప్రయోగంగా మొదలైన పశువుల బీమా అలాంటిది. మామూలు బీమాలో చనిపోయిన ప్రతి పశువునూ చూసి రావాలి. వందల కిలోమీటర్ల మంచులో ఎవరు వెళతారు? అబద్ధపు లెక్కలను ఎవరు పట్టుకుంటారు? అందుకని మండలాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఆ మండలంలో ఆ జాతి పశువుల మరణాల శాతం పశువుల లెక్కింపు ద్వారా తేలుతుంది. 6 శాతం దాకా నష్టం కాపరిదే. ఆపైన 30 శాతం దాకా బీమా కంపెనీలది. అంతకు మించిన విపత్తు ప్రభుత్వానిది. ఇందులోని మెలకువ చూడండి. మండలంలో మరణాలు ఎక్కువైనప్పుడు తన మందను కష్టపడి కాపాడుకున్న కాపరికి కూడా డబ్బు వస్తుంది, కాబట్టి బీమా ఉందని మందను వదిలేయడు. లోపం కూడా ఉంది. చుట్టుపక్కల అందరివీ బాగుండి, ఒక్కడి మందే పోతే వాడికి పైసా రాదు. ఎన్నికల ముందు నేతలు ఉచిత సాయం ప్రకటిస్తే ప్రీమియం కట్టడానికి ఎవరూ ముందుకు రారు.

బ్యాంకుల్లో కూడా అలాంటి ఉదాహరణ ఒకటుంది. 1996 డిసెంబరులో రెండు పెద్ద బ్యాంకులు మొండి బాకీలతో మూతపడ్డాయి. పల్లెలకు దిక్కైన వ్యవసాయ బ్యాంకు 1999లో అదే గతి పట్టబోయింది. శాఖలు మూసేయకుండా, పాలకుల సిఫారసు మీద అప్పులివ్వడం ఆపి, 2000లో బయటి నిర్వాహకులకు అప్పగించారు. పింఛను పంపిణీ, డబ్బు బదిలీ, కాపరులకు చిన్న అప్పులు, ఇవే దాని వ్యాపారం. 2003లో ఒక జపాన్ సంస్థ దాన్ని 68 లక్షల 50 వేల డాలర్లకు కొనుక్కుంది. ఈనాటి ఖాన్ బ్యాంకు అదే.

పల్లెల నుంచి గనులకు వద్దాం. ఇక్కడ నష్టం మోయాల్సింది బడ్జెట్టు. ఎగుమతుల్లో సింహభాగం బొగ్గు, రాగి, బంగారం, కొనేది ప్రధానంగా చైనా ఒక్కటే. 2006లో రాగి టన్ను ధర 2,600 డాలర్లు, బంగారం ఔన్సు 500 డాలర్లు దాటితే, దాటిన మొత్తం మీద 68 శాతం పన్ను వేశారు. బంగారం దొంగదారి పట్టింది, మదుపుదారులు బెదిరారు, చివరికి ఆ పన్ను రద్దు చేశారు. 2009లో దక్షిణ గోబీలోని ఒయూ తొల్గోయ్ రాగి గనికి ఒప్పందం కుదిరింది, ప్రభుత్వానికి 34 శాతం వాటా. నిర్మాణం జోరు మీద 2011లో వృద్ధి 17 శాతం దాటింది.

డబ్బు రావడం మొదలవగానే మనిషికి నెలకు 21,000 తుగ్రిక్‌లు పంచారు. 2012 చివర్లో 150 కోట్ల డాలర్ల చింగిస్ బాండ్లు, అంటే ప్రభుత్వ రుణపత్రాలు, అమ్మారు, ఆనాటి జాతీయోత్పత్తిలో అది ఎనిమిదో వంతుకు దగ్గర. విచారించదగిన విషయం ఏమిటంటే, ఇలాంటి పరిస్థితి కోసమే 2010లో మంచి చట్టం చేసుకున్నారు. ఖనిజాల ధర ఈ ఏడాది ఎంతుందని చూడకుండా చాలా ఏళ్ళ సగటు తీసుకుని ఆదాయం లెక్కగట్టాలి, ఆ లెక్కన లోటు జాతీయోత్పత్తిలో 2 శాతం దాటకూడదు. కానీ అభివృద్ధి బ్యాంకు పేరుతో ఖర్చును బడ్జెట్టు బయట పెట్టారు. లెక్కలో లోటు తక్కువ, నిజంలో అప్పు ఎక్కువ. రాగి ధర 2011లో ఉన్నదానిలో సగానికి పడిపోయేసరికి, 2016లో వృద్ధి ఒక శాతం దగ్గరకు చేరింది. 2017లో అంతర్జాతీయ ద్రవ్య నిధి, అంటే ఐఎంఎఫ్, ముందుండి 550 కోట్ల డాలర్ల సాయం కూర్చాల్సి వచ్చింది. 2009లో కూడా ఆ సంస్థ తలుపే తట్టారు. 2024లో, గనుల ఆదాయాన్ని దాచిపెట్టే సార్వభౌమ సంపద నిధికి చట్టం చేశారు. దాని నుంచి డబ్బు తీసే నిబంధనలు ఎన్నికల ఏడాదిలో నిలబడితేనే ఆ నిధికి అర్థం ఉంటుంది.

సరిహద్దుల సమస్య కూడా చిన్నది కాదు. మంగోలియా రైలు పట్టాల వెడల్పు రష్యాలా 1,520 మిల్లీమీటర్లు, చైనాది 1,435. చైనా సరిహద్దులోని జామిన్-ఊద్ దగ్గర సరుకును ఒక రైలు నుంచి ఇంకో రైలుకు మార్చాలి, లేదా పెట్టెల కింద చక్రాలు మార్చాలి. ప్రతి టన్నుకూ కాలం, ఖర్చు. పెట్రోలు, డీజిలు దాదాపు అంతా రష్యా నుంచే వస్తుంది. సొంత ముడి చమురు ఉన్నా శుద్ధి కర్మాగారం లేక దాన్ని చైనాకు అమ్ముతున్నారు. ఈ ముడి విప్పడానికి భారత్ 2015లో 100 కోట్ల డాలర్ల రుణం ప్రకటించింది. దోర్నోగోవి జిల్లాలో సాయిన్‌షాంద్ దగ్గర ఏడాదికి 15 లక్షల టన్నుల సామర్థ్యంతో కడుతున్న ఆ రిఫైనరీ పనుల్లో మన హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థ ఉంది. గోబీ చలిలో కాంక్రీటు పోయడానికీ వెల్డింగుకీ దొరికేది కొద్ది నెలలే. తూర్పున ఉన్న చమురు బావుల నుంచి అక్కడికి 500 కిలోమీటర్లకు పైగా పైపులైను కూడా వేయాలి.

ఆ రిఫైనరీ నడవడం మొదలయ్యాక అడగాల్సిన ప్రశ్నలు ఇప్పటినుంచే సిద్ధం చేసుకోవాలి. ముడి చమురుకు ఏ ధర కట్టి ఇస్తారు? బయట పెట్రోలు చౌకగా ఉన్న నెలల్లో కాపరి మోటారు సైకిలుకు పోసే లీటరు ధర ఎవరు నిర్ణయిస్తారు? అప్పుడు వచ్చే నష్టం కర్మాగారం ఖాతాలోనా, ఖజానా ఖాతాలోనా? అది కాగితం మీద రాసిపెట్టి, పార్లమెంటులో చదివి వినిపించి, ఆ తర్వాత మొదటి బ్యారెల్‌ను లోపలికి పంపాలని నా గట్టి అభిప్రాయం.

సెలవు. నమస్కారం.