ఎవరి కాళ్ల లెక్క?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, రోడ్డు దాటి ఇక్కడిదాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేర్లన్నీ వరసగా చదవమని కాగితం ఇచ్చారు. చదివితే నాకిచ్చిన టైమంతా అందులోనే అయిపోతుంది, మన్నించాలి.

మన ఊరి రోడ్ల మీద సైకిళ్లకూ నడిచేవాళ్లకూ చోటిచ్చే ప్లాన్ వేస్తున్నారు కదా, నన్ను పిలిచింది అందులో సైకిల్ ట్రాక్‌ల గురించి మాట్లాడమని. మాట్లాడతాను. ముందు ఒక తప్పు ఒప్పుకోనివ్వండి.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ట్రాఫిక్ సిగ్నళ్లకు టైమింగ్ లెక్కలు వేశాను. నడిచేవాళ్లకు మా పట్టికలో ఒకటే అంకె, సెకనుకు 1.2 మీటర్లు. రోడ్డు వెడల్పు 18 మీటర్లా? అయితే 15 సెకన్లు. భాగించడం, సంతకం పెట్టడం. ఆ అంకె ఎవరి కాళ్లదో ఏనాడూ అడగలేదు.

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అమ్మను మొదటిసారి బయటికి తీసుకెళ్లాను. నేను లెక్క కట్టిన సిగ్నలే. పచ్చబొమ్మ వెలిగింది. ఫుట్‌పాత్ జానెడు పైన ఎత్తు. అమ్మ కర్ర కింద ఆనించి, కాలు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుని, నా భుజం పట్టుకుని దిగేసరికే నాలుగు సెకన్లు పోయాయి. సగం దాటామో లేదో, ఎర్రబొమ్మ. హారన్ల మోత. అమ్మ చెయ్యెత్తింది. ఆగమన్నట్టు కాదండీ, క్షమించమన్నట్టు. గట్టెక్కాక, "ఇంత తక్కువ టైము ఎవడు పెట్టాడ్రా?" అంది. నేనేనని చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

సరే, సైకిళ్లు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అని ఒక ఊరుంది. 1977లో ఊరి నడిబొడ్డును నాలుగు భాగాలు చేశారు. కారులో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి నేరుగా వెళ్లలేరు, బయటి రింగురోడ్డు ఎక్కి చుట్టి రావాలి. సైకిలు మాత్రం నేరుగా పోతుంది. దగ్గరి దారి సైకిలుకిచ్చారు, అంతే! మనమేమో రోడ్డు పక్కన రంగు పూసి ట్రాక్ అంటాం. రంగు మీద కారు ఆపితే రంగేం చేస్తుంది? ట్రాక్‌కీ బండ్లకీ మధ్యలో గట్టు కావాలి. అసలు భయమంతా కూడలి దగ్గర. సరిగ్గా అక్కడే ట్రాక్ మాయమైపోతుంది.

వెనక వరసలో వ్యాపారులున్నారు, వాళ్ల ప్రశ్న నాకు తెలుసు. కార్లు రాకపోతే బేరాలెలా అని. 1962లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో స్ట్రోయెట్ వీధిని నడిచేవాళ్లకు వదిలినప్పుడు అక్కడి దుకాణదారులూ ఇలాగే బెంగపడ్డారు. ఆ వీధి ఇవాళ్టికీ నడిచేవాళ్లదే, దుకాణాలూ ఉన్నాయి. సరుకు దించే బండ్లకు వేళలు పెట్టుకోవచ్చు, అంబులెన్సును ఎవరూ ఆపరు.

మళ్లీ మా అమ్మ దగ్గరికే వస్తున్నాను, ఏమనుకోకండి. సెకనుకు 0.8 మీటర్లు నడిచే మనిషికి 18 మీటర్లు దాటడానికి 22న్నర సెకన్లు కావాలి. అన్ని ఎలా ఇస్తాం, వెనక బండ్లు నిలిచిపోవా అని నేనే మీటింగుల్లో వాదించినవాణ్ణి. ఇవ్వక్కర్లేదు! దాటేచోట రెండు పక్కలా పార్కింగ్ తీసేసి, ఫుట్‌పాత్‌ను చెరో మూడు మీటర్లు ముందుకు జరపండి. దాటాల్సింది 12 మీటర్లే. ఆమె నడకకు అదే 15 సెకన్లు సరిపోతాయి. అంచును రోడ్డు మట్టానికి వాలుగా దించితే ఆ నాలుగు సెకన్లూ మిగులుతాయి. మలుపు ఇరుకై బండ్లూ నెమ్మదిగా తిరుగుతాయి. ఇంత చిన్న లెక్క అన్నేళ్లూ నాకు తట్టలేదంటే, నేను రోడ్డును కారు అద్దంలోంచే చూశాను కాబట్టి.

టైమైందని చీటీ వచ్చింది. పచ్చబొమ్మ ఆరిపోయిందన్నమాట, నేనింకా నడిరోడ్డు మీదే ఉన్నాను. ఒక్క పని చేసిపెట్టండి. మీ ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లతో మీ దగ్గరి కూడలి దాటండి. ఎర్రబొమ్మ పడినప్పుడు వాళ్లెక్కడున్నారో గుర్తుపెట్టుకుని, బండ్లు లేని వేళ వెళ్లి సుద్దముక్కతో అక్కడ గీత గీయండి. ఫోటో తీసి, ఈ ప్లాన్ వేస్తున్న ఇంజినీర్లకు పంపండి. మొదటి ఫోటో నేనే తెచ్చాను, ఇదిగో. మర్నాడు తెల్లవారుజామున టేపు పెట్టి కొలిచాను కూడా. తొమ్మిది మీటర్లకు జానెడు తక్కువ.