ఆ రోజు నేను చీర మడతపెట్టుకుంట నిలవడ్డ

అందరికి నమస్తే. పొద్దటి నుంచి నిలవడి నిలవడి కాళ్లు గుంజుతున్నా షాపులు బంద్ చేసి ఇంతమంది వచ్చిండ్రు, పనికాడ మాట పడుడు గురించి జల్ది చెప్పి ఇడిసిపెడ్త.

నేను హన్మకొండల ఒక బట్టల షోరూంల పదకొండేండ్లు సేల్స్ పని చేసిన. పేరెందుకు గాని మాతోని ఒక పెద్దాయన ఉండె, అందరం కాకా అనేటోళ్లం, చీర చేత్తో ముట్టి పట్టు అసలుదో కాదో చెప్పేటోడు. ఒకనాడు గిరాకీ కొనకుంట లేచి పోయింది. ఫ్లోర్ మేనేజర్, కాకాకు కొడుకు వయసోడు, అందరి ముందట వచ్చి "ఏరా ముసలోడా, ఇంటికాడ పండుకోరాదు, నీకెందుకురా పని" అన్నడు. కాకా ఏమనలే, పరిచిన చీరలు ఎత్తుతున్నడు, చేతులు వణుకుతుంటె మడత కుదురుతలేదు, ఒక్క చీరనే మూడుసార్లు మడతపెట్టిండు. మేం ఆరుగురం అక్కడనే ఉన్నం, నేను సుత తలకాయ వంచుకొని నా చీర నేను మడతపెట్టుకుంట నిలవడ్డ. పగటీలి కాకా టిఫిన్ డబ్బా మూత తియ్యలే. సాయంత్రం నా దగ్గరికొచ్చి "బిడ్డా, నేను చీరలు సక్కగనే చూపెట్టిన్నా?" అనడిగిండు. నాకు పని నేర్పినాయన నన్నడుగుతున్నడు!

'బాంచెన్ దొరా' అనుడు బంద్ చెయ్యనీకె మన తాతలు పానాలిచ్చిండ్రు, 1946 జూలై 4న కడవెండిల దొడ్డి కొమురయ్య దొర మనుషుల తూటాకు ఒరిగిండు, గసొంటి జాగల పుట్టి ఏసీ షోరూంల 'ఏరా' అంటే పడుడేంది?

అందుకే ఒకటి పట్టుకోండ్రి, మాట పడ్డోళ్లకు అప్పుడు నోరు పెగలది, చూసినోళ్లే మాట్లాడాలె. ఇద్దరు కలిసి పోయి "సార్, ఏదన్న ఉంటే పక్కకు పిలిచి చెప్పుండ్రి" అంటే చాలు. ఆ రాత్రికే తారీఖు, టైము, అన్న మాట అన్నట్టే, ఎవరెవరున్నరో నోట్‌బుక్కుల రాయండ్రి, నెల దాటితే మనకే యాదికుండది.

ఉత్త తిట్లకని వేరే చట్టం లేదు. ఆడపిల్లలతోని పాడుగ మాట్లాడినా, మీదికొచ్చినా లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉన్నది, పదిమంది, అంతకెక్కువ పనిచేసే చోట ఫిర్యాదులు తీస్కునే కమిటీ పెట్టాల్సిందే, తక్కువున్నకాడ జిల్లా కమిటీకి పోవచ్చు, మూడు నెలలల్ల రాసియ్యాలె. కులం పేరు పెట్టి దళితులను, గిరిజనులను నలుగుట్ల తిడితె 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం ఉన్నది. మనం పొద్దంత నిలవడుతున్నం చూడండ్రి, కేరళల మనసొంటి బట్టల షాపుల ఆడోళ్లే కొట్లాడితె 2018ల కూసునే హక్కొచ్చింది, 2021ల తమిళనాడుల సుత వచ్చింది, ఎవరో దానమిచ్చింది కాదది.

కొన్ని నెలలకు కొత్తగ చేరిన పిల్ల మీద గా మేనేజరే ఒర్రుతున్నడు. ఈసారి చేతిల చీర కింద పెట్టి పోయి ఆ పిల్ల పక్కన నిలవడ్డ, గుండె దడదడ కొట్టుకుంటున్నది, ఒక్కదాన్నే అనుకున్న. మల్లి చూస్తె బిల్లింగ్ కౌంటర్ అన్న సుత లేచొచ్చిండు. మేనేజర్ గొంతు తగ్గించి "సరే, పని చూస్కోండ్రి" అనుకుంట పోయిండు.

కాకా అప్పటికే పని ఇడిసిపెట్టి ఊరికి పోయిండు.