చంటిపిల్లల జ్వరానికి ఏ థర్మామీటర్ కొనాలి? ఎంత వస్తే జ్వరం?

నమస్తే అండి. టేబుల్ మీద మూడు థర్మామీటర్లు పెట్టాను. నుదుటికి గురిపెట్టే గన్, చెవిలో పెట్టేది, మెడికల్ షాపులో రెండు మూడు వందలకు దొరికే ఈ మామూలు డిజిటల్‌ది. నెలల పిల్లలున్న ఇంటికి నేను చెప్పేది ఈ చివరిదే. ఎందుకో చూపిస్తాను.

ముందు గన్ చూద్దాం. కోవిడ్ రోజుల్లో ఇది చాలా ఇళ్లలోకి వచ్చేసింది. నిద్రపోతున్న పాపను కదపకుండా సెకనులో అంకె చూపిస్తుంది కాబట్టి అందరికీ నచ్చుతుంది. కానీ ఇది కొలిచేది నుదుటి చర్మం మీది వేడిని. చెమట పట్టినా, ఫ్యాన్ గాలి నేరుగా తగిలినా, అప్పుడే ఎండలోంచి లోపలికి వచ్చినా అంకె మారిపోతుంది. కెమెరా దగ్గరగా పెడతాను, ఈ బటన్ చూడండి. ఇందులో బాడీ, సర్ఫేస్ అని రెండు మోడ్‌లు ఉన్నాయి. సర్ఫేస్ అనేది పాలసీసా, స్నానం నీళ్ల వేడి చూసుకోవడానికి. అది ఆన్‌లో ఉండగా పాప నుదుటికి పెడితే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. జ్వరం ఉన్నా లేదనుకుని ఊరుకునే ప్రమాదం ఉంది. గన్ ఇంట్లో ఉంటే పైపైన చూసుకోవడానికి వాడండి. కానీ పాప మూడు నెలల లోపుదైతే, గన్ చూపించిన అంకెను నమ్మి నిర్ణయం తీసుకోవద్దు.

చెవిలో పెట్టేది ఆరు నెలలు నిండని పిల్లలకు వాడకూడదు. వాళ్ల చెవి రంధ్రం మరీ సన్నగా ఉంటుంది, రీడింగ్ సరిగా రాదు. పాత పాదరసం థర్మామీటర్ ఇంకా ఇంట్లో ఉంటే పిల్లలున్న చోట వాడకండి. పగిలితే ఆ పాదరసం ఆవిరి ప్రమాదం.

ఇప్పుడు అసలుది. కొనేటప్పుడు కొన మెత్తగా వంగేది తీసుకోండి, పాప కదిలినా గుచ్చుకోదు. మన దగ్గర పిల్లల డాక్టర్లు ఎక్కువగా చంకలోనే చూడమంటారు. అమెరికాలో ఉన్నవాళ్లను చిన్నపిల్లలకు మలద్వారంలో చూడమని చెప్తారు. అది డాక్టరో నర్సో చేసి చూపించకుండా ఇంట్లో ప్రయత్నించవద్దు.

చంకలో చూడటం తేలికే, కానీ తొందరపడకూడదు. పాలు తాగించిన వెంటనే, స్నానం చేయించిన వెంటనే, దుప్పట్లో చుట్టి పడుకోబెట్టి లేపిన వెంటనే వద్దు. పావుగంట ఆగండి. చంకలో చెమట ఉంటే మెత్తటి గుడ్డతో అద్దండి. లోహపు కొన సరిగ్గా చంక మధ్యలో, చర్మానికి తగిలేలా పెట్టాలి. మధ్యలో చొక్కా గుడ్డ అడ్డం రాకూడదు. తర్వాత పాప చేతిని ఒంటికి ఆనించి మెల్లగా పట్టుకోండి, బీప్ వచ్చేదాకా వదలొద్దు. ఒళ్లో పెట్టుకుని చూస్తానంటే, అమ్మ ఒంటికి ఆనని వైపు చంకలో పెట్టండి. లేకపోతే అమ్మ ఒంటి వేడి కూడా కలుస్తుంది.

మరి ఎంత వస్తే జ్వరం? మనందరికీ నోటికొచ్చిన 98.6 అనే అంకె జర్మనీ డాక్టర్ కార్ల్ వుండర్‌లిక్ 1868లో వేలమంది రోగుల చంకలో కొలిచి చెప్పిన సగటు. పాప ఒళ్లు ఎప్పుడూ ఆ ఒక్క అంకె దగ్గరే ఉండదు. ఉదయం కాస్త తక్కువ, సాయంత్రం కాస్త ఎక్కువ. 97.7 నుంచి 99.5 వరకు మామూలే. 99 చూసి టెన్షన్ పడి మందు పోయకండి. 100.4, అంటే 38 సెల్సియస్ వస్తే జ్వరమే.

ఇక్కడ వయసు చాలా ముఖ్యం. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 వస్తే అర్ధరాత్రి అయినా సరే ఆస్పత్రికి వెళ్లాలి. పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. అంత చిన్న ఒంట్లో ఇన్‌ఫెక్షన్ చాలా త్వరగా పాకుతుంది, పైకి జలుబు కూడా కనిపించకపోవచ్చు. రెండు నెలలు నిండనివాళ్లకు చంకలో 99.5 దాటినా బట్టలు వదులు చేసి మళ్లీ చూసి, తగ్గకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. టీకా వేయించిన ఒకటి రెండు రోజులు జ్వరం రావడం మామూలే, అయినా ఈ వయసులో డాక్టర్‌ని అడిగాకే మందు వేయాలి.

మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. పుట్టిన కొత్తలో ఒళ్లు చల్లబడటం కూడా జ్వరమంత ప్రమాదం. 97.7 కంటే తగ్గితే బిడ్డను అమ్మ ఎదకు, చర్మానికి చర్మం ఆనేలా పెట్టి, పైన దుప్పటి కప్పి, పాలు పట్టండి. ఒళ్లు వెచ్చబడకపోయినా, అంకె 96 కంటే తక్కువున్నా వెంటనే తీసుకెళ్లాలి. ఏ వయసైనా, అంకె ఎంతున్నా, పాలు తాగకపోతే, లేపినా మత్తుగా ఉంటే, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే, ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి.

పళ్లు వస్తున్నాయి కాబట్టి జ్వరం అని పెద్దవాళ్లు అంటారు. పళ్లకు ఒళ్లు కాస్త వెచ్చబడవచ్చు, 100.4 దాటదు. అది దాటితే కారణం వేరే ఉందన్నమాటే. ఐస్ నీళ్లతో తుడవడం, స్పిరిట్ రాయడం రెండూ వద్దు.

చివరగా మందు సీసాలు. ఈ రెండూ పారాసిటమాలే. చిన్న సీసా డ్రాప్స్, 1 ఎంఎల్‌లో 100 మిల్లీగ్రాములు. పెద్ద సీసా సిరప్, 5 ఎంఎల్‌లో 120, ఇంకో రకంలో 250. డ్రాప్స్‌ను సిరప్ కొలతలో 5 ఎంఎల్ పోస్తే ఒకేసారి 500 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. అందుకే పక్కింటివాళ్ల మోతాదు మన పాపకు వద్దు. డాక్టర్ బరువును బట్టి రాస్తారు. ఫోన్ చేసినప్పుడు పాప వయసు, బరువు, అంకె ఎంత, ఎక్కడ పెట్టి చూశారు, ఎన్ని గంటలకు చూశారు అన్నీ చెప్పండి. చంకలో చూశాం కదా అని ఒక డిగ్రీ కలిపి చెప్పకండి. వచ్చిన అంకె వచ్చినట్టే చెప్పి, చంకలో అని చెబితే చాలు, మిగతా లెక్క వాళ్లు చూసుకుంటారు.